ఫిడేలు నాయుడుగారి రెండు చేతులు

పిల్లలూ,

రాయపూర్ స్టేషన్‌లో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా విజయనగరం చేరుకుంటాం. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింటికో, నానమ్మగారింటికో వెళ్లేటప్పుడు మన ధర్సీవా పిల్లల్లో చాలామందిది ఈ దారే. కొండలూ సొరంగాలూ దాటే ఈ రైలుమార్గం 1931లో పూర్తయింది. అప్పటికే విజయనగరంలో ఒక సంగీత కళాశాల పన్నెండేళ్లుగా నడుస్తోంది. అక్కడ ఫిడేలు నేర్పే గురువుగారి పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు. జనం ఆయన్ని ప్రేమగా ఫిడేలు నాయుడుగారు అని పిలుచుకునేవారు.

ఈ ఏడాది మన పత్రిక తెలుగు విభాగంలో ఆయన జీవితం గురించి రాయాలనుకున్నాం. అందుకు కారణం ఉంది. మీ ఇళ్లలో బదిలీ ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న కూడా వస్తుంది. కొత్త ఊరు వెళ్లాక ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి? మంచం, బీరువా సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు. మాట, పాట, అలవాటు సంగతి మీరే చూసుకోవాలి. బదిలీల మీద ఊళ్లు తిరుగుతూ ఇక్కడికి చేరిన మాకూ ఆ ప్రశ్న బాగా పరిచయమే. నాయుడుగారు దానికి జవాబు రాసి పెట్టలేదు. వాయించి చూపించారు.

బెంగళూరులో పుట్టి, విశాఖలో పెరిగి

వెంకటస్వామి నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టారు. ఆ రోజు దీపావళి. తండ్రి సైన్యంలో పనిచేసినవారు. అంటే ఆయన కూడా మీలాగే, నాన్న ఉద్యోగం ఎక్కడ ఉంటే అక్కడ పుట్టిన పిల్లవాడు. పుట్టింది కన్నడదేశంలోనైనా, పెరిగింది విశాఖపట్నంలో.

ఆ ఇంట్లో ఫిడేలు ఉండేది. అన్నగారు వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు వాయించేవారు. తమ్ముడికి మొదటి గురువు ఆయనే. బడిలో చేరిన వెంకటస్వామికి ఒక కష్టం ఎదురైంది. చూపు సరిగా ఆనేది కాదు. అక్షరాలు పోల్చుకోలేని పిల్లవాడికి తరగతి గది ఎంత బరువో ఊహించండి. చివరికి బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఈ రోజుల్లో అయితే అద్దాలు, పెద్ద అక్షరాల పుస్తకాలు, పరీక్షలో అదనపు సమయం ఇలా ఎన్నో సౌకర్యాలు ఉన్నాయి. ఆ రోజుల్లో అవేవీ లేవు.

కళ్లు చేయలేని పని చెవులు చేశాయి. ఫిడేలుకు వీణకున్నట్టు మెట్లు ఉండవు. తీగ మీద ఏ చోట వేలు పెడితే ఏ స్వరం పలుకుతుందో చెప్పే గుర్తు ఏదీ ఉండదు. వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా స్వరం తప్పుతుంది. చూపు ఎంత చక్కగా ఉన్నవాడికైనా అక్కడ చెవే దిక్కు. వెంకటస్వామి ఆ చెవిని గంటల తరబడి సాధకంతో పదును పెట్టుకున్నారు.

ఫిడేలే బదిలీ మీద వచ్చింది

ఇక్కడ కాస్త ఆగి ఫిడేలు కథ కూడా చెప్పుకోవాలి. అది మన దేశపు వాద్యం కాదు. ఐరోపా నుంచి ఓడల్లో వచ్చింది. సుమారు రెండు వందల ఏళ్ల కిందట బాలుస్వామి దీక్షితర్ అనే విద్వాంసుడు మద్రాసులో ఒక ఐరోపా వాద్యకారుడి దగ్గర దాన్ని నేర్చుకున్నారు. ఆయన ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు. నేర్చుకున్నాక ఆయన దాని మీద మన రాగాలు పలికించారు. ఆ తరువాత కొద్దికాలంలోనే ఫిడేలు లేని కర్ణాటక సంగీత కచేరీ అంటూ లేకుండా పోయింది.

కొత్త ఊరు వచ్చిన ఫిడేలు కొన్ని మార్చుకుంది. ఐరోపాలో దాన్ని గడ్డం కింద అదిమిపెట్టి, ఎక్కువగా నిలబడి వాయిస్తారు. మన విద్వాంసులు కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక కొస ఎడమవైపు ఛాతీకి ఆనించి, రెండో కొస కుడిపాదం మీద నిలుపుతారు. ఎందుకీ మార్పు? మన సంగీతానికి గమకం ప్రాణం. స్వరం ఒకచోట కర్రలా నిలబడదు. ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వెనక్కి వస్తుంది. అలా పలకాలంటే ఎడమచెయ్యి తీగ మీద కిందికీ పైకీ స్వేచ్ఛగా జారాలి. ఫిడేలు రెండు కొసలా ఆనుకుని కదలకుండా ఉంటే, ఎడమచేతికి దాన్ని మోసే పని తప్పుతుంది. అప్పుడు అది గమకం పనే చూసుకుంటుంది.

శ్రుతి కూడా మారింది. ఐరోపాలో నాలుగు తీగలకు నాలుగు వేర్వేరు స్వరాలు. మన దగ్గర షడ్జం, పంచమం, మళ్లీ షడ్జం, మళ్లీ పంచమం. వాద్యం అదే, చెక్క అదే, తీగలు నాలుగే. కూర్చునే తీరు, పలుకు మారాయి.

ఎడమచెయ్యి సంగతి ఇలా కుదురుకుంది. మరి కుడిచెయ్యి? కుడిచేతిలో ఉండేది కమాను. గుర్రపు తోకవెంట్రుకలు బిగించిన సన్నని పుల్ల అది. ఎడమచేతి వేళ్లు ఏ స్వరమో నిర్ణయిస్తాయి. ఆ స్వరం ఎంత గట్టిగా, ఎంత సేపు, ఎంత తియ్యగా వినబడాలో కమానే నిర్ణయిస్తుంది. ఫిడేలుకు ఊపిరి అదే. మన దేశంలో గమకం మీద శ్రద్ధ పెట్టినంతగా చాలాకాలం కమాను మీద పెట్టలేదు. కచేరీలో ఫిడేలు పక్కవాద్యం. గాయకుడి గొంతు వెనకాలే నడవాలి, దాన్ని దాటకూడదు. అందుకు చిన్న చిన్న కమాను కదలికలు చాలేవి.

కుడిచేతికి కొత్త పాఠం

నాయుడుగారు శ్రద్ధ పెట్టింది సరిగ్గా అక్కడే. ఐరోపా విద్వాంసులు కమానును ఎలా నడుపుతారో ఆయన నిశితంగా గమనించారు. వాళ్లకు నాలుగు వందల ఏళ్ల ఫిడేలు చదువు ఉంది. ఆ చదువులో సగం కుడిచేతిదే. కమానును పట్టుకునే చోటు నుంచి చివరి కొస దాకా మొత్తం పొడవునా లాగడం, అన్నిచోట్లా ధ్వని ఒకేలా ఉండేలా చూడడం, వెనక్కి తిప్పేటప్పుడు అతుకు వినబడకుండా తిప్పడం వాళ్ల మొదటి పాఠాలు.

ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం. చేతిలో ఉన్న వైపు కమాను బరువుగా ఉంటుంది, కొస వైపు తేలికగా ఉంటుంది. ఊరికే లాగితే మొదట్లో ధ్వని మోటుగా, చివర్లో పేలవంగా వస్తుంది. కొస దగ్గరపడేకొద్దీ చూపుడువేలు మెల్లగా బరువు అందించాలి. మళ్లీ వెనక్కి వచ్చేటప్పుడు ఆ బరువు తగ్గించుకుంటూ రావాలి. కమాను వేగంగా నడిస్తే ధ్వని విచ్చుకుంటుంది, నెమ్మదిగా నడిస్తే చిక్కబడుతుంది. తీగలను ఎత్తి నిలబెట్టే చిన్న చెక్కపలకకు దగ్గరగా నడిపితే గట్టిగా, దూరంగా నడిపితే మెత్తగా పలుకుతుంది. బరువు, వేగం, చోటు ఈ మూడింటినీ ప్రతి స్వరానికీ సరిచూసుకోవాలి. నాయుడుగారు వీటిని వంటబట్టించుకున్నారు. ఆయన కమాను దీర్ఘమైనది, నాదం నిండైనది.

అయితే ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం ఉంది. ఆయన ఐరోపా సంగీతం వాయించడానికి ఇదంతా నేర్చుకోలేదు. కింద కూర్చోవడం మానలేదు. ఫిడేలును గడ్డం కిందికి మార్చలేదు. ఎడమచెయ్యి గమకాలు పలికే తీరు విడిచిపెట్టలేదు. త్యాగరాజస్వామి కృతిని కృతిలాగే వాయించారు. గొంతుతో పాడినట్టే ఫిడేలు పలకాలన్నది మన సంప్రదాయం. గాయకుడు ఒక్క ఊపిరిలో ఒక సంగతిని ఎలా పాడతాడో, ఫిడేలు ఒక్క కమానులో అలా పలకాలి. చిన్న కమానుతో అది ముక్కలైపోతుంది. నిండు కమానుతో అయితే ఆ సంగతి తెగకుండా సాగుతుంది. అంటే పైదేశపు కుడిచెయ్యి వచ్చి మన పాటను ఇంకా మన పాటగా నిలబెట్టింది. ఆయన అరువు తెచ్చుకున్నది పాట కాదు, పాటకు కావలసిన బలం.

విద్యార్థిగా వెళ్లి ఆచార్యుడై

1919లో విజయనగరం మహారాజు విజయరామ గజపతిగారు సంగీత కళాశాల స్థాపించారు. దాని వెనక ఒక చిన్న కథ ఉంది. సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావుగారికి చూపు లేని కొడుకు ఉన్నాడు, పేరు గంగరాజు. ఆ అబ్బాయి సంగీతం నేర్చుకోవడానికి సాయం చేయమని తండ్రి మహారాజును కోరారు. ఒక్కరికి సాయం చేసే బదులు అందరికీ పనికొచ్చేలా మహారాజు ఏకంగా కళాశాలే తెరిపించారు.

దానికి మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. హరికథా పితామహుడిగా ఆయన పేరు మీరు వినే ఉంటారు. ఒక్కరే నిలబడి పాడుతూ, ఆడుతూ, కథ చెబుతూ జనాన్ని రాత్రంతా కూర్చోబెట్టేవారు. మన ఛత్తీస్‌గఢ్‌లో పండవాని చూశారు కదా, అందులోనూ ప్రధాన కళాకారుడు ఒక్కరే తంబూరా పట్టుకుని భారతకథ అంతా నడిపిస్తారు. రెండింటికీ చుట్టరికం ఉందనిపిస్తుంది. దాసుగారు సంస్కృతం, పారశీకం వంటి భాషలు నేర్చినవారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. ఎన్ని భాషలు నేర్చినా ఆయన తెలుగు పలచబడలేదు, ఇంకా చిక్కబడింది.

అప్పటికి నాయుడుగారికి ఇరవై ఆరేళ్లు. కళాశాల తెరిచారని తెలిసి విద్యార్థిగా చేరడానికే వెళ్లారని చెప్పుకుంటారు. దాసుగారు ఆయన ఫిడేలు విన్నారు. విన్నాక ఆయన్ని విద్యార్థుల వరుసలో కూర్చోబెట్టలేదు, ఫిడేలు ఆచార్యుడిగా నియమించారు. చూపు ఆనక బడి మానేసిన పిల్లవాడు, చూపు లేని ఒక అబ్బాయి కోసం పుట్టిన కళాశాలలో గురువయ్యాడు.

1936లో దాసుగారి తరువాత నాయుడుగారే ఆ కళాశాల అధ్యక్షులయ్యారు. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు చదువుకున్నది అక్కడే. నేపథ్యగాయని పి. సుశీలగారు, సంగీత విద్వాంసులు నేదునూరి కృష్ణమూర్తిగారు కూడా ఆ కళాశాల విద్యార్థులే. మీ ఇంట్లో పెద్దవాళ్లు పాత తెలుగు పాట పెట్టుకుంటే, ఆ గొంతు వెనకాల విజయనగరం ఉండే అవకాశం చాలా ఎక్కువ.

పక్కవాద్యం ముందుకు వచ్చింది

ఆ కాలంలో దక్షిణాదిన ముగ్గురు ఫిడేలు విద్వాంసుల పేర్లు కలిపి చెప్పుకునేవారు. కుంభకోణం రాజమాణిక్యం పిళ్లై, మైసూరు చౌడయ్య, మన నాయుడుగారు. మైకులు అన్ని ఊళ్లకూ చేరని రోజులవి. వెనక వరుసలో కూర్చున్నవారికి ఫిడేలు వినబడాలంటే ఎలా? చౌడయ్యగారు ఒక దారి కనిపెట్టారు. నాలుగు తీగల ఫిడేలుకు మరో మూడు చేర్చి ఏడు తీగల ఫిడేలు చేయించుకున్నారు. అది గొప్ప ఆలోచన, గొప్ప నాదం. నాయుడుగారు మరో దారిలో వెళ్లారు. తీగలు నాలుగే ఉంచారు, కమానును పెంచారు. సమస్య ఒక్కటే, దారులు రెండు, ఇద్దరూ చేరవలసిన చోటికి చేరారు. లెక్కల పరీక్షలో ఒకే లెక్కను ఇద్దరు రెండు రకాలుగా చేస్తే ఇద్దరికీ పూర్తి మార్కులు పడతాయి కదా, అలాగన్నమాట.

ఆ నిండు నాదం వల్ల మరొకటి జరిగింది. అప్పటిదాకా గాయకుడి పక్కన కూర్చున్న ఫిడేలు వేదిక మధ్యకు వచ్చింది. ఫిడేలు ఒక్కటే ప్రధానంగా సాగే సోలో కచేరీ అనగానే ముందుగా తలుచుకునే పేర్లలో నాయుడుగారిది ఒకటి. 1938లో వెల్లూరులో ఆయన అలాంటి కచేరీ చేశారు. గాయకుడు లేడు, సాహిత్యం వినబడదు. అయినా రాగం, భావం శ్రోతలకు చేరాలి. కమాను ఎంత సాగితే అంత మాట పలుకుతుంది.

1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. చూపు తక్కువైనవారి కష్టం ఆయన మరిచిపోలేదు. అంధుల సహాయనిధి కోసం ఢిల్లీలో కచేరీ చేశారు.

1952లో యెహుదీ మెనూహిన్ మన దేశానికి వచ్చారు. అమెరికాలో పుట్టి, చిన్నప్పుడే ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న వయొలిన్ విద్వాంసుడు ఆయన. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారింట్లో ఆయన నాయుడుగారి ఫిడేలు విని ఎంతో మెచ్చుకున్నారు. ఆ దృశ్యం తలుచుకుంటే మాకు ఒక ఆలోచన వస్తుంది. మెనూహిన్‌కు తెలిసిన కమానే అది. కానీ అది పలికించే పాట ఆయన దేశంలో లేనిది. నాయుడుగారు ఐరోపా సంగీతాన్నే వాయించి ఉంటే, మెనూహిన్ ముందు బాగా వాయించే మరో శిష్యుడిగా మిగిలేవారేమో. తన పాటనే వాయించారు గనుక సాటి విద్వాంసుడిగా నిలబడ్డారు.

ఇదే కథ, మరో దేశంలో

ఒకచోటి శిక్షణ మరోచోటి పాటకు బలమివ్వడం మన ఫిడేలుకే జరిగిందా? కాదు. ఫిడేలు కుటుంబంలోనే అన్నిటికన్నా పెద్దది డబుల్ బేస్ అనే వాద్యం. మనిషంత ఎత్తు ఉంటుంది. పక్కన నిలబడి వాయించాలి. ఐరోపా శాస్త్రీయ సంగీతంలో దాన్ని ఎక్కువగా కమానుతో వాయిస్తారు. అమెరికాలో నల్లజాతి కళాకారులు పుట్టించిన జాజ్ సంగీతంలో ఎక్కువగా వేళ్లతో మీటుతారు.

జాజ్ డబుల్ బేస్‌లో గొప్ప పేరు చార్లెస్ మింగస్. 1922లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, నొగాలెస్ అనే సరిహద్దు ఊళ్లో పుట్టాడు. తండ్రి సైన్యంలో సార్జెంటు. చూశారా, ఇక్కడా సైనికుడి బిడ్డే! లాస్ ఏంజెలెస్‌లో పెరిగిన మింగస్ చిన్నప్పుడు చెల్లో నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో నల్లజాతి పిల్లవాడికి శాస్త్రీయ వాద్యబృందాల తలుపులు తెరుచుకునేవి కావు. అందుకే డబుల్ బేస్‌కూ జాజ్‌కూ మళ్లాడు. కానీ శాస్త్రీయ శిక్షణను వదల్లేదు. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ అనే పేరున్న వాద్యబృందంలో వాయించిన హెర్మన్ రైన్‌షాగెన్ దగ్గర కొన్నేళ్లు డబుల్ బేస్ నేర్చుకున్నాడు.

వేళ్లతో మీటేవాడికి కమాను శిక్షణ ఎందుకు? మీటిన స్వరం క్షణంలో ఆరిపోతుంది. ఎడమచేతి వేలు కాస్త పక్కన పడినా ఆ తప్పు స్వరంతోపాటే మాయమవుతుంది. కమానుతో లాగితే స్వరం నిలబడుతుంది, దానితోపాటు తప్పూ నిలబడుతుంది. చెవి దాన్ని తప్పించుకోలేదు. అలా కమానుతో రోజూ సాధన చేసినవాడికి వేలు సరైన చోట పడడం అలవాటవుతుంది. లావుపాటి తీగలను నొక్కే బలం నాలుగు వేళ్లకూ సమానంగా వస్తుంది. ఆ తరువాత కమాను పక్కన పెట్టి మీటినా ప్రతి స్వరం శుభ్రంగా, నిండుగా పలుకుతుంది.

నాయుడుగారికి పరాయి శిక్షణ కుడిచేతికి అక్కరకు వచ్చింది, మింగస్‌కు ముఖ్యంగా ఎడమచేతికి. ఇద్దరూ ఆ శిక్షణకు లొంగిపోలేదు. మింగస్ జీవితాంతం జాజ్ స్వరకర్తగానే ఉన్నాడు. నాయుడుగారు జీవితాంతం కర్ణాటక సంగీత విద్వాంసులుగానే ఉన్నారు.

మన రెండు చేతులు

ఇప్పుడు మన సంగతికి వద్దాం. తరగతిలో మేం చూస్తూనే ఉంటాం. మీలో చాలామంది ఇంట్లో తెలుగు, మైదానంలో హిందీ, పాఠంలో ఇంగ్లీషు మాట్లాడతారు. పక్కింటి అవ్వతో నాలుగు ముక్కలు ఛత్తీస్‌గఢీ కూడా మాట్లాడేస్తారు. ఇది చిన్న విద్య కాదు. ఇంతమంది భాషలు విన్న చెవి ఒకే ఊళ్లో పెరిగిన పిల్లలకు అంత తేలికగా దొరకదు. ఇదంతా మీ కుడిచెయ్యి. ప్రతి బదిలీలోనూ అది కొంత నేర్చుకుంటుంది. దాన్ని ఆపకండి. హిందీ పద్యం కంఠతా పట్టండి, ఇంగ్లీషులో వాదించండి, పంథీ నాట్యం నేర్చుకోండి.

మాకు బెంగ అంతా ఎడమచేతి గురించే. ఈ ఏడాది పత్రికకు రచనలు ఇమ్మని అడిగితే తెలుగులో ఇచ్చినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. బాగా మాట్లాడే పిల్లలు కూడా రాయడం రాదని వెనక్కి తగ్గారు. కొందరి ఇళ్లలో పెద్దవాళ్లే, రెండేళ్లలో ఎలాగూ మరో ఊరు వెళ్తాం, అక్కడ తెలుగు ఉంటుందో లేదో, ఇప్పుడెందుకు ఈ బరువు అనుకుంటున్నారు. వాళ్ల ఇబ్బంది మాకు తెలుసు. ఊరు మారినప్పుడల్లా పుస్తకం మారడం మేమూ చూశాం. అయినా ఒక మాట చెప్పాలి. నాయుడుగారు కొత్త కమాను నేర్చుకోవడానికి పాత గమకాన్ని దించిపెట్టి ఉంటే, ఆయన కుడిచెయ్యి ఎంత గొప్పదైనా పలికించడానికి పాట ఉండేది కాదు. మీకు వచ్చిన నాలుగు భాషలూ చివరికి ఏదో ఒకటి చెప్పడానికే. ఆ చెప్పేదంతా ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మ కోప్పడిన తీరులోంచి, తాతయ్య చెప్పిన కథలోంచి, చిన్నప్పుడు విన్న సామెతలోంచి వస్తుంది. అవి తెలుగులో ఉన్నాయి.

గమకం ఒక్కరోజులో పోదు. సాధకం లేకపోతే మెల్లగా పోతుంది. భాష కూడా అంతే. ముందు రాయడం పోతుంది. తరువాత చదవడం. తరువాత పెద్దవాళ్లతో మీరు అనాలో, నువ్వు అనాలో తెలియని తడబాటు వస్తుంది. చివరికి ఫోనులో నానమ్మకు ఏం చెప్పాలో తోచక ఫోను అమ్మకు ఇచ్చేస్తారు. అక్కడిదాకా రానివ్వకండి. రోజుకు పావుగంట చాలు. పది వాక్యాలు చదవండి, అయిదు వాక్యాలు రాయండి. ఆ అయిదు వాక్యాలు ధర్సీవా గురించైనా సరే. సిల్తరా ఫ్యాక్టరీల పొగ గురించి, వరికోతల గురించి, స్కూలు బస్సులో జరిగిన పోట్లాట గురించి రాయండి. తెలుగులో రాయడానికి తెలుగుదేశంలోనే ఉండాలన్న నియమం లేదు.

నాయుడుగారు 1964 నవంబరు 25న కన్నుమూశారు. 1993లో ఆయన శతజయంతికి తపాలాశాఖ స్టాంపు విడుదల చేసింది. విశాఖలో ఆయన విగ్రహం ఉంది, ఆయన పేరుతో కళాక్షేత్రం ఉంది. ఆయన వాయించిన రికార్డులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అవి పాతవి కాబట్టి మొదట్లో కాస్త గరగర వినబడుతుంది. రెండు నిమిషాలు ఓపిక పడితే చెవి దానికి అలవాటుపడుతుంది. ఆ తరువాత కమాను ఎక్కడ వెనక్కి తిరిగిందో పట్టుకోవడానికి ప్రయత్నించండి. చాలాచోట్ల పట్టుకోలేరు.

ఈ వేసవిలో సమతా ఎక్కి వెళ్లేవారికి మాదొక చిన్న పని. విజయనగరంలో ఆగే వీలుంటే కోట చూడండి, సంగీత కళాశాల ముందు కాసేపు నిలబడండి. లోపలి నుంచి ఎవరో ఒక పిల్లవాడు సరళీ స్వరాలు సాధన చేస్తూ వినబడవచ్చు. తిరిగి వచ్చాక చూసింది, విన్నది తెలుగులో ఒక పేజీ రాసి మాకివ్వండి. తప్పులున్నా ఫర్వాలేదు, కూర్చుని దిద్దుకుందాం. వచ్చే ఏడాది ఈ పేజీల్లో మీ పేర్లు ఉండాలి. అప్పటికి మీరు మరో ఊళ్లో ఉంటే పోస్టులో పంపండి. మేమే మరో ఊళ్లో ఉంటే, మా స్థానంలో వచ్చే తెలుగు మాస్టారో టీచరుగారో తప్పకుండా తీసుకుంటారు.